మా ఆయన నడుము

మా ఆయన ప్యాంటు నడుము కుట్టి బిగించడం ఇది మూడోసారి. ఎనిమిది నెలల కిందట దీన్నే విప్పి వెడల్పు చేసిన చేతులు, ఇప్పుడు మడతపెట్టి ఇరుకు చేస్తున్నాయి. అప్పట్లో ఆయన పొట్ట ముందుగా గదిలోకి వచ్చి, కుర్చీ చూసుకుని కూర్చున్నాక, వెనకాల తీరిగ్గా ఆయన వచ్చేవారు. ఇప్పుడు తలుపు ఓరగా తీసినా దూరిపోతున్నారు. పన్నెండు కిలోలు తగ్గారు. దారం కొరికి ప్యాంటు దులిపి చూస్తే నాకు కడుపులో మంట. ఆడవాళ్ళు పక్కింటావిడ నగ చూసి కుళ్ళుకుంటారంటారు. నేను కట్టుకున్న మొగుడి నడుము చూసి కుళ్ళుకుంటున్నాను. ఇది ఎవరితో చెప్పుకోను?

డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. బరువు ఆయనది ఎక్కువ, రక్తంలో చక్కెర నాది ఎక్కువ. డాక్టరు ఇద్దరికీ ఒకే కాగితం మీద రాసిచ్చారు: రోజూ ఒకే వేళకు అరగంట నడక, వేళకు తిండి, పళ్ళెంలో సగం కూరగాయలు, ఏడు గంటల నిద్ర. బరువు సంగతి మరిచిపోయి అలవాటు సంగతి చూడమన్నారు. చేయాల్సిన పనికి అడ్డాలు తీసేస్తే చాలు, అలవాటు దానంతటదే నిలబడుతుందన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఏడాదిలోగా తగ్గకపోతే మాత్రలు తప్పవమ్మా అని విడిగా చెప్పారు. నేను కళ్ళ ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే కౌంటర్లో కూర్చుంటాను. చక్కెర మనిషి చూపును ఎలా తినేస్తుందో రోజూ చూస్తాను. నా వయసు ఆడవాళ్ళు కూతురి భుజం పట్టుకుని వచ్చి, నేను ఇచ్చిన టోకెన్ మీద అంకె ఎంతో నన్నే అడుగుతారు. అందుకని ఆ కాగితం నాకు ఆషామాషీగా అనిపించలేదు. ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు మీద అతికించాను. మర్నాటికల్లా అది ఆయన కాగితం అయిపోయింది. ఎవరూ నా చేతిలోంచి లాక్కోలేదు. ఎలా అయిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన దారిలో అడ్డాలన్నీ తీసింది నేనే. బూట్లు గుమ్మం దగ్గర, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు. ఆరిన మేజోళ్ళు వాటిలో దోపి ఉంటాయి. నీళ్ళ సీసా, చెమట తుడుచుకునే తువ్వాలు పక్కనే. ఆయన తిరిగొచ్చేసరికి రెండు గుడ్లు పెంకు తీసి, కీరా ముక్కలు కోసి, మొలకల మీద నిమ్మకాయ పిండి సిద్ధం. బిస్కెట్ల డబ్బా ఆయన కంట పడకుండా పిండి డబ్బా వెనక దాచాను. చెమట చొక్కా రోజూ ఉతికాను. ఇన్ని ఏర్పాట్ల మధ్య మా పడగ్గది బీరువాను నిలబెట్టినా నెలలో నాలుగు కిలోలు తగ్గి ఉండేది.

పేరు మాత్రం పట్టుదలది. మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు, మావాడిది మా మామగారి పోలిక అని. ఆ మామగారు, అంటే మా ఆయన తాతగారు, ఒకనాడు ముక్కుపొడుం మానేస్తానని ఒట్టు పెట్టుకుంటే, పొడుం కొట్టువాడు వచ్చి కాళ్ళ మీద పడ్డాడట. అయినా ఆయన కరగలేదట. కొట్టు మూతపడి, ఊళ్ళో వారంపాటు తుమ్మినవాడు లేడట. మొదట్లో వారమే. మా ఆయన తగ్గే కొద్దీ కథలో ఆ వారం పెరిగింది. పదో కిలో నాటికి ఊరు ఆరు నెలలపాటు తుమ్మలేదు.

నేనూ ప్రయత్నించకపోలేదు. మొదటిరోజు గేటు తీశాను, "అమ్మాయ్, టీ నీళ్ళు పడేసి వెళ్ళు" అన్నారు అత్తగారు. ఆ నీళ్ళు మరిగేసరికి నా అరగంట ఆవిరైపోయింది. రెండోరోజు వీధి మలుపు దాకా వెళ్ళాను, మేజోళ్ళలో ఒకటే ఉంది, రెండోది ఏదని ఆయన ఫోను. మూడోరోజు నేనే లేవలేదు. నా బద్ధకాన్ని దాచుకోను, ఆ రోజు మాత్రం నాదే తప్పు. ఇక తిండంటారా, మా పిల్ల పళ్ళెంలో మిగిలింది, అత్తగారు వద్దన్నది, ఆయన కోసం పక్కన పెట్టిన గుడ్లలోంచి తీసేసిన పచ్చసొన, అన్నీ నిలబడే నా నోట్లోకి వెళ్ళేవి. బిస్కెట్లు ఎక్కడ దాచానో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు కాబట్టి వాటి బాధ్యతా నాదే అయింది. ఆయన వదిలించుకున్న పన్నెండు కిలోల్లో ఎనిమిది ఎటు పోయాయో తెలియదు గానీ నాలుగు మాత్రం దారి వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చాయి. ఆర్నెల్ల పరీక్షలో నా చక్కెర ఇంకాస్త ఎక్కింది. ఆయన రిపోర్టు అత్తగారు దేవుడి పటం ముందు పెట్టారు. నాది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది.

అప్పుడే ఆయన ఆఫీసులో అడుగుల పోటీ పెట్టారు. చేతికి వాచీ పెట్టుకుని నడిస్తే అది అడుగులు లెక్కవేస్తుంది. నెల తిరిగేసరికి ఎవరివి ఎక్కువైతే వాళ్ళది గెలుపు. ఇంకా పదిరోజులున్నాయనగా ఆయన మడమ బెణికింది. మంచం మీద కాలు చాపుకుని కూర్చుని, వాచీ విప్పి నా చేతికి కట్టారు.

"నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావుగా. ఊరికే పోవడమెందుకు?"

ఊరికే పోవడం అన్నమాట. పద్దెనిమిదేళ్ళుగా నా అడుగులు ఊరికే పోతున్నాయన్నమాట. అయినా కట్టించుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళే రోజు కౌంటర్లో కూర్చునే ఉంటాను కాబట్టి తొమ్మిదివేలు, పదివేలు. ఆదివారం రాత్రి భోజనాల దగ్గర ఆయన అంకె చూసి గతుక్కుమన్నారు. పంతొమ్మిదివేల చిల్లర. ఆయన ఏ రోజూ పన్నెండు దాటలేదు. వాచీ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, పాడైనట్టుంది, షాపులో చూపించాలి అన్నారు. మా పదో తరగతి పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండా అంది: "పాడవలేదు నాన్నా. అమ్మ పెట్టుకుంది."

ఆయనే గెలిచారు. బహుమతి ఇచ్చే సభకు కుటుంబాలతో సహా రమ్మన్నారు. నేను బిగించిన ప్యాంటు వేసుకుని, సన్నగా, నిటారుగా ఆయన మైకు ముందు నిలబడితే నాకు మళ్ళీ అదే మంట. అలవాట్లు నిలబడటం ఎలాగో చెప్పమన్నారు. సంకల్పం ఉంటే చాలన్నారు ఆయన. ఒక్కరోజు కూడా మానలేదన్నారు. సాకులు వెతుక్కునేవాళ్ళకు ఎప్పటికీ కుదరదని చెప్పి, నా వైపు చెయ్యి చూపి నవ్వుతూ అన్నారు:

"మా ఆవిడకి ఎనిమిది నెలలుగా చెప్తున్నాను. వింటేనా?"

హాలంతా నవ్వింది. అందరి కళ్ళూ ముందు నా ముఖం మీద, తర్వాత నా నడుము మీద పడ్డాయి. మేనేజరు గారి భార్య నా చెయ్యి నొక్కి, ఇంట్లోనే గురువుగారుంటే మీకేం లోటండీ అంది. చప్పట్లు మోగుతున్నాయి. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ ఒక చోట నా చేతులు ఆగాయి. ఇంతకాలం ఈ మనిషి నడుము చూసి కుళ్ళుకుంటున్నాననుకున్నాను. నడుము కాదు, పన్నెండు కిలోలూ కాదు, ఆ బహుమతి అంతకన్నా కాదు. పొద్దున్నే లేచేసరికి ఆయన బూట్లు గుమ్మం దగ్గర ఎవరో పెట్టి ఉంచుతున్నారు. అదీ నా ఏడుపు. ఆయనకు నేనున్నాను. నాకే నేను లేను.

మర్నాడు ఆసుపత్రి నుంచి వస్తూ నా కాళ్ళకు సరిపడే బూట్లు కొనుక్కున్నాను. రాత్రి భోజనాలయ్యాక అందరూ వినేలా చెప్పాను: రేపటి నుంచి ఆరింటికి వెళ్ళి ఆరున్నరకు వస్తాను, ఫోను ఇంట్లోనే ఉంటుంది, ఎవరి మేజోళ్ళు వాళ్ళు తీసుకోవాలి, గుడ్లు ఉడికించాలంటే గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ఆయన సరేనన్నారు, వింటే కదా. అత్తగారు, ఇంటి ఇల్లాలు పొద్దున్నే వీధిన పడితే ఇల్లేం గావాలని గొణిగారు. టీ పొడి పై అరలో ఉందత్తయ్యా అన్నాను. ఏమాటకామాటే, ఆవిడ పెట్టే టీ నాదానికంటే బాగుంటుంది. పద్దెనిమిదేళ్ళు దాచుకున్నారు ఆ విద్య.

మొదటిరోజు నడుస్తున్నంతసేపూ చెవులు ఇంటివైపే ఉన్నాయి. రెండోరోజు అర్ధాకలి, కాలివేళ్ళకు బొబ్బలు. మూడోరోజు వాన తుంపర, అయినా వెళ్ళాను. నాలుగోరోజు నుంచి పొద్దుటి తిండి కుర్చీలో కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని తిన్నాను, పచ్చసొనలు ఎవరివి వాళ్ళకే వదిలేసి. ఇంట్లో మాత్రం ఒక వింత జరిగింది. ఎనిమిది నెలల సంకల్పానికి మేజోళ్ళు దొరకలేదు. ఒకరోజు తడిగా ఉన్నాయి, ఒకరోజు తువ్వాలు కనబడలేదు, ఒకరోజు గుడ్లు ఉడికించేవాళ్ళు లేక ఆఫీసుకు ఆలస్యమైంది. మడమ ఎప్పుడో తగ్గిపోయినా ఐదోరోజు నుంచి ఆయన నడకకు వెళ్ళనేలేదు. బిస్కెట్ల డబ్బా మాత్రం ఎవరూ చెప్పకుండానే దొరికింది.

తొమ్మిదోరోజు నేను గుమ్మంలో కూర్చుని లేసులు కట్టుకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డారు. జుట్టు చెదిరి ఉంది. కోపంగా లేరు. చిన్నపిల్లాడిలా అన్నారు:

"నువ్వు చూసుకోకపోతే నాకు కుదరట్లేదే."

"నాకూ అలాగే కుదరలేదండీ, ఇన్నాళ్ళూ."

లేసు ముడి బిగించి లేచాను. బయట వీధి ఖాళీగా, చల్లగా ఉంది. నేను గేటు తీసి, వేయడానికి వెనక్కి తిరిగాను. ఆయన నా బూట్ల వంక, నా ముఖం వంక కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నిన్నటిదాకా అది నాదే.