మూడో గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. కొలిమిలో పుట్టిన రోజు నుంచి దెబ్బలే తిన్నాను. ముప్పై ఏళ్లు రైళ్లు నా మీద నుంచి పోయాయి. అరిగిపోయానని కోసి పక్కన పారేస్తే, రేపల్లె దగ్గర ఒక పల్లెవాళ్లు తీసుకొచ్చి చర్చి ముందు వేపచెట్టుకు కట్టారు. ఇక విశ్రాంతే అనుకున్నాను. సుత్తి తెచ్చారు.

ఆదివారం నన్ను మూడుసార్లు గంటగా కొట్టేవారు. మొదటి గంటకు స్నానం, రెండో గంటకు బయలుదేరడం, మూడో గంటకు, అంటే ఎనిమిదికి, ఆరాధన. ఇది పాస్టరు గారి లెక్క. మనుషులు మాత్రం రెండో గంట విని నీళ్లు కాగబెట్టేవారు. సంఘపెద్ద జెకర్యా గారు వస్తేనే మూడో గంట మోగాలన్నది ఎవరూ రాయని నియమం.

గంట కొట్టే ఏసుపాదం ఆ నియమం నేర్చుకోలేదు. భార్య సుగుణమ్మతో చర్చి వెనక గదిలో ఉండేవాడు. ఆమెకు ఉబ్బసం. నాట్ల రోజుల్లో ఒక ఆదివారం, సరిగ్గా ఎనిమిదికి మూడో గంట కొట్టేశాడు. రెండో పాట అయ్యాక జెకర్యా గారు వచ్చారు.

ఆరాధన ముగిశాక, “నేను రాకుండా ఎవరు కొట్టమన్నారు?” అన్నారు.

“ఎనిమిదయిందయ్యా. ఆడోళ్లు నాట్లకి పోవాల.”

“పొరపాటున కొట్టానని వచ్చే వారం సంఘం ముందు చెప్పు. లేదంటే గది ఖాళీ చెయ్యి.”

ఆ వారమంతా సుగుణమ్మ బతిమాలింది. “ఒక్క మాటేగా. అనెయ్యరాదయ్యా. ఈ వానల్లో యాడికి పోతాం?”

ఆదివారం ఏసుపాదం లేచి నిలబడ్డాడు. “తెలిసే కొట్టానయ్యా,” అని కూర్చున్నాడు.

గది ఖాళీ చేయించారు. చుట్టాల వసారాలో, ఆ వానల్లోనే, ఉబ్బసం ముదిరి సుగుణమ్మ పోయింది. నాకు ఏసుపాదం మీద కోపం వచ్చింది. ఆ ఒక్క నిజం చెప్పకపోతే గది నిలిచేది. ఆయన చెప్పాడు, ఆమె పోయింది. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు.

తర్వాత మైకు వచ్చింది. రికార్డు గంట మీట నొక్కితే మోగుతుంది. నన్ను విప్పి తీసేసే ఓపిక లేక, కింది కొమ్మకే అలాగే వదిలేశారు. ఏసుపాదం మాత్రం ప్రతి ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఎనిమిదికి వేలి కణుపుతో మెల్లగా తడతాడు. అది నాకు తప్ప ఎవరికీ వినపడదు.

మొన్న జెకర్యా గారు కర్ర ఊతంగా వచ్చారు. ఇప్పుడు ఆయన కొడుకు సంఘపెద్ద. ఆ కొడుకు వస్తేనే మైకు గంట మోగుతుంది; అతని కోసమే లోపల అందరూ ఎదురుచూస్తున్నారు. ముసలాయన ఎండలో ఆగి, మా వైపు చూశారు.

“ఎనిమిదయిందా, ఏసుపాదం?”

“అయిందయ్యా.”

సుగుణమ్మ సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

“అయితే కొట్టు,” అన్నారు.

సుత్తి ఎప్పుడో పోయింది. ఏసుపాదం వంగి ఒక రాయి తీసుకున్నాడు. మొదటి దెబ్బకు తుప్పు రాలింది. నా గొంతు బొంగురుపోయింది గానీ, లోపల అందరూ ఆరాధనకు లేచి నిలబడ్డారు.