దోరకాయలు పండే గుప్పిట

తెల్లారేసరికి పిచ్చమ్మ చద్దన్నం గిన్నె చంకన పెట్టుకుని, మనవరాలు సీతారత్నాన్ని వెంటేసుకుని కల్లానికి వచ్చేది. మార్టూరు అవతలి ఆ నల్లరేగడి ఊళ్లో మాఘమాసమంతా ఆడవాళ్ల సంసారం మిరపకాయల దగ్గరే. కొందరు కాయ పరిచేవాళ్లు, కొందరు తాలు ఏరేవాళ్లు. సగం పచ్చిగా మిగిలిన దోరకాయ అలాగే ఎండితే తెల్లబడి తాలైపోతుంది. అందుకని దోరకాయలన్నీ తెచ్చి రత్నం ఒళ్లో పోసేవాళ్లు. తొమ్మిదేళ్ల పిల్ల వాటిని గుప్పిళ్లతో పట్టుకుంటే ఆవులించేంతలో ఎర్రబడేవి.

అందులో వింత ఉందని ఎవరూ అనుకోలేదు. కొందరి చేతికి పెరుగు బాగా తోడుకుంటుంది, కొందరు నాటితే ఎండుపుల్లైనా చిగురేస్తుంది. ఈ పిల్ల పట్టుకుంటే కాయ పండుతుంది.

"నీ మనవరాలిది హస్తవాసి, పిచ్చమ్మత్తా," అని కల్లం ఆసామి చెంచురామయ్య పిల్లకి కూడా పెద్దవాళ్ల కూలే ఇచ్చేవాడు. తల్లీతండ్రీ పోయిన పిల్ల కదా, ఆ కూలితో పిచ్చమ్మకి ఊపిరాడేది.

రత్నానికి ఉన్న బాధల్లా తలనొప్పే. "అమ్మమ్మా, తలలో ఎవరో రోకలేసి దంచుతున్నారే," అనేది. పిచ్చమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసేది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే, అమ్మో ఎంత దిష్టి తగిలిందో అనుకునేది.

బడికి ఒంగోలు నుంచి డాక్టరమ్మ శ్యామలాంబ వచ్చి, చిన్నచేతులకి సరిపోయే పట్టీ చుట్టి పిల్లలకి బీపీ చూస్తుందని తెలిసి కల్లమంతా నవ్వింది.

"పిల్లలకి బీపీ ఏంటమ్మా. అది మా ఆయనలాగా కూచుని తినేవాళ్ల జబ్బు గదా," అంది వెంకటేశ్వరమ్మ.

డాక్టరమ్మ మాత్రం రత్నం చేతికి పట్టీ చుట్టి చూసింది, విప్పి మళ్లీ చుట్టి చూసింది. పిచ్చమ్మకి కబురు పెట్టింది.

"పెద్దవాళ్లకే ఉండకూడనంత ఉందమ్మా. మూత్రపిండాల్లో ఏదో లోపం ఉన్నట్టుంది. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించాలి. ఈలోగా ఈ బిళ్లలు ఒక్కరోజు కూడా మానొద్దు. ఊరగాయలు పెట్టొద్దు."

"పైకి బాగానే ఉంది గదమ్మా."

"దీంతో వచ్చిన చిక్కే అది. పైకి కనపడదు."

బిళ్లలు వేశాక తలలో రోకలి ఆగింది. పిల్ల ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఒళ్లో పోసిన దోరకాయలు మాత్రం పొద్దుగూకేదాకా దోరగానే ఉన్నాయి.

కల్లంలో అందరి మొహాలూ వాడిపోయాయి. చెంచురామయ్య ఒక కాయ తుంచి చూశాడు.

"ఆ మందులు పిల్లని పాడుచేస్తున్నాయి అత్తా. పడమట మబ్బేస్తోంది. ఈ కాయ మిర్చి యార్డుకి పోయేదాకా ఆపు. కోతలయ్యాక నేనే కారు మాట్లాడి గుంటూరు పంపిస్తా. నా మాట మీద నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు అబ్బాయ్," అంది పిచ్చమ్మ. ఆమెకి నిజంగానే ఉంది.

బిళ్లల పొట్లం బియ్యం డబ్బాలోకి పోయింది. "నా బిళ్లేదే?" అని రత్నం అడిగితే, "కోతలయ్యాక వేసుకుందాంలే తల్లీ, ఎక్కడికి పోతాయి," అంది.

మర్నాడు కాయలు పండాయి. ఆ తర్వాత ఒళ్లో పోయకముందే, గంపలో ఉండగానే పండాయి. వారం తిరక్కుండానే ఒక మిట్టమధ్యాహ్నం రత్నం కూచున్నచోటు నుంచి ఎరుపు పాకడం మొదలెట్టింది. కుప్పలన్నీ దాటింది, గట్టు దాటింది, చేలో చెట్లమీది పచ్చికాయ కూడా చూస్తుండగానే ఎర్రబడింది. అందరూ లేచి నిలబడి చేను చూశారు. పిచ్చమ్మ పిల్ల వంక తిరిగేసరికి రత్నం మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది.

ఆ ఏడు యార్డులో చెంచురామయ్య కాయదే పైధర. రత్నం బతికింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. ఎద్దులబండి మీద మార్టూరు పోయి, అక్కణ్ణించి బస్సులో పెద్దాసుపత్రికి చేరేసరికే ఆలస్యమైందన్నారు. కారు సంగతి ఆసామి ఎత్తలేదు, పిచ్చమ్మ అడగలేదు.

మళ్లీ కోతలొచ్చాయి. పిచ్చమ్మ కల్లానికి పోలేదు. అది హస్తవాసి కాదని ఇప్పుడామెకు తెలుసు. కొంగు నిండా దోరకాయలు పోసుకుని బడి అరుగు మీద కూచునేది. వచ్చిన ప్రతి బిడ్డ చేతిలో ఒక కాయ పెట్టి, "గుప్పిట ముయ్యి తల్లీ. ఇప్పుడు తెరువు," అనేది. ఎవరి కాయ చూసినా దోరగానే ఉండేది.

ఒకరోజు చెంచురామయ్య మనవడు గురునాథం గుప్పిట తెరిచాడు. అరచేతిలో కాయ నెత్తుటిరంగులో ఉంది.

"నాకూ రత్నంలాగే పండింది అవ్వా," అన్నాడు సంబరంగా.

పిచ్చమ్మ ఆ కాయని చాలాసేపు చూసింది. ఆమె నోరు మూసుకుంటే అడిగేవాళ్లు లేరు. కాసేపటికి లేచి, వాడి రెక్క పట్టుకుని కల్లానికి నడిచింది.

"అబ్బాయ్, నీ మనవడి గుప్పిట చూడు," అంది.

చెంచురామయ్య చూశాడు. కల్లం నిండా కాయ పరిచి ఉంది. పడమట మబ్బేసి ఉంది. పట్టాలు కప్పమని కూడా చెప్పకుండా, అప్పటికప్పుడు కారు తెప్పించి, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని గుంటూరు వెళ్లిపోయాడు. కోతలయ్యాక అనే మాట ఆయన నోట రాలేదు.

కారు మలుపు తిరక్కుండానే చినుకులు మొదలయ్యాయి.

"కాయ తడిసిపోతోంది పిన్నీ, ఒక చెయ్యి వెయ్యి," అని వెంకటేశ్వరమ్మ కేకేసింది.

పిచ్చమ్మ ఆగలేదు. రత్నానికి బిళ్ల వేసే వేళయింది.