రెండోసారి నీళ్ళు

మధ్యాహ్నం కవలల్లో పెద్దదానికి స్నానం చేయించి పక్కమీద వేశాను. కాసేపటికి, చిన్నదనుకుని, మళ్ళీ దానికే నీళ్ళు పోశాను. చిన్నదాని మెడ మడతలో నిన్నటి పాల మరక చూశాకగానీ తెలియలేదు.

ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వారు. "పోనీలేవే, పెద్దది తళతళలాడుతుంటుంది! అయినా నీకేంటి, ఒక్క కాన్పుతో గట్టెక్కావు."

అందరి మాటా అదే. అలవాటుగా నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక పిల్లలిద్దరూ ఒకేసారి గుక్కపట్టారు. గోడకు ఆనుకుని, ఎవరి పిల్లలో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏంటి, మూడోసారి కూడా పోశావా?"

"నవ్వకండి. వాళ్ళు ఏడుస్తున్నా ఎత్తుకోవాలనిపించట్లేదు. నాకు భయమేస్తోంది. ఒక్కదాన్నే ఉండలేను."

అటు కుర్చీ జరిపిన చప్పుడైంది. "వస్తున్నా. ఫోన్ పెట్టకు," అన్నారు. ఆయన మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు వింటూ, మధ్యమధ్య ఆయన పలకరిస్తుంటే ఊఁ కొడుతూ ఉన్నాను.