రెండంగుళాలు తక్కువ

ఫిలింనగర్ సెట్లో హీరో చేతిలో ఉన్నది కాకసస్ కొండల పాత పిస్తోలు. మూతిలోంచి మందూ గుండూ కూరే రకం. జూబ్లీహిల్స్‌లో ఒకాయన హాలు గోడ మీద నుంచి అడిగి తెచ్చారు. గుండుకీ గుండెకీ రాతలో తేడా ఒక్క గుణింతం గుర్తే, ఈ షాట్‌లో మాత్రం ఆరడుగులు. ఆ గుండె కొత్త హీరోయిన్ హిమజది.

తెర మీద పొగ బాగా కనబడాలని పిస్తోలు పక్కనుండే చిన్న చిప్పలో చిటికెడు మందు పోశారు. దర్శకుడు కౌస్తుభ్ "యాక్షన్" అనబోతుంటే, సినిమాలకు కత్తులూ తుపాకులూ కిరాయికిచ్చే వెంకటనర్సయ్య అడ్డమొచ్చాడు.

"జర ఆగుండ్రి సార్! గొట్టం లోపల జూసిండ్రా ఎవరన్న?"

"రిహార్సల్లో పదిసార్లు నొక్కాం బాబాయ్, పేలిందా?" అన్నాడు కౌస్తుభ్.

"అప్పుడు చిప్పల మందు లేకుండె గద!"

నర్సయ్య పిస్తోలు లాక్కుని చిప్ప దులిపేశాడు. సన్నని చువ్వను గొట్టంలోకి దించి, మూతికి సరిగ్గా వచ్చినచోట వేలితో నొక్కి పట్టాడు. బయటికి తీసి, వేలు మూతికి సరిచూసి గొట్టం పక్కన ఆనించాడు. ఖాళీ గొట్టమైతే చువ్వ కొస వెనక, చిప్పలోని నిప్పు లోపలికి పోయే రంధ్రం దాకా రావాలి. రెండంగుళాల ముందే ఆగిపోయింది.

"లోపలేదో ఉన్నది," అన్నాడు.

హిమజ మొహంలో మేకప్ మాత్రమే మిగిలింది.

"తుప్పయ్యుంటుంది బాబాయ్. షాట్ తీసేద్దాం!"

"తుప్పేనా? అయితే హిమజమ్మ జాగల మీరు నిలవడుండ్రి సార్. మందు మల్ల పోసి నేను నొక్కుత."

కౌస్తుభ్ ఆమె కాళ్ల దగ్గరి సుద్దగీత వైపు చూశాడు. అడుగు మాత్రం పడలేదు.

"ప్యాకప్," అన్నాడు, మైకు పక్కకు పెట్టి.