ఇత్తడి చెంచా

ఆ ఉదయం ఆకాశం చేప పొలుసులు పరిచినట్టుంది. మబ్బులు సముద్రం మీంచి తొందర లేకుండా కొండ వైపు పోతున్నాయి. వాన పడదని తేల్చుకుని వెల్లుల్లి విత్తనం మూటలు అరుగు మీదికి తెచ్చాను. పిల్లాణ్ణి వీపున కట్టుకోవడం నేర్చుకోడానికి కిర్‌స్టెన్ ఒక మూట తీసి వీపున వేసుకుంది. నా భార్య ఓక్‌బున్ బొంతగుడ్డ పట్టుకుని ఆమె చుట్టూ తిరుగుతోంది.

"వంగవే. ఇంకా వంగు. అలా నిలబడితే పిల్లాడు జారిపోడూ?"

"వంగితే నేను పడతానమ్మా."

"నువ్వు పడినా పర్లేదు, వాడు పడకూడదు. ముడి ముందుకి రావాలి. గట్టిగా. వెల్లుల్లిపాయలు కాబట్టి ఏడవట్లేదు."

కిర్‌స్టెన్ ఓక్‌బున్ కన్నకూతురు. పెరిగింది డెన్మార్క్‌లో, పెంచుకున్నవాళ్ళ దగ్గర. ఇప్పుడు తనూ ఇక్కడి పిల్లాణ్ణి పెంచుకోవాలని వచ్చి, మా ఇంట్లో ఉంటోంది. ఉద్యోగం ఉండి భర్త వెనక్కి వెళ్ళాడు. కోర్టు వాయిదాలు వేస్తోంది. రోజూ పొద్దున బస్సెక్కి పట్నం పోతుంది. పిల్లాణ్ణి సాకుతున్న ఆయమ్మ ఇంట్లో వాణ్ణి కాసేపు ఆడించి, మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో దిగుతుంది. దిగగానే వాడి చొక్కాలు, వాడింకా తొడుక్కోనివి, మళ్ళీ ఉతికి దండెం మీద ఆరేస్తుంది. అవి ఆరేదాకా అక్కడే కూర్చుంటుంది.

వచ్చిన కొత్తలో ఒకరోజు భోజనం మధ్యలో ఫోను మోగింది. చేతిలో చెంచా అన్నంలో నిలువుగా గుచ్చి లేచింది. ఓక్‌బున్ ఒక్క ఉదుటున ఆ చెంచా పీకేసింది. పిల్ల బిత్తరపోయింది.

"అలా గుచ్చేది చచ్చినవాళ్ళకి" అంది ఓక్‌బున్. చెంచా తుడుస్తూ, "నీ గిన్నెలో చాలా ఏళ్ళు గుచ్చాను" అంది.

పెళ్ళికాకుండా కన్నదని, ఆమె అన్న చిల్‌బోక్ పొత్తిళ్ళలో పిల్లని తీసుకుపోయాడు. పొద్దున్నే వచ్చి చచ్చిపోయిందన్నాడు. కొండ మీద చిన్న మట్టిగుట్ట చూపించాడు. చనిపోయిన పసిపిల్లలకి అన్నం పెట్టే ఆచారం మాలో లేదు. అయినా ఏటా ఆ రోజున ఓక్‌బున్ వంటింటి మూల ఒక గిన్నెడు అన్నం పెట్టి, ఇత్తడి చెంచా గుచ్చి, దాని ముందు కూర్చునేది. నన్ను చేసుకున్నాకా మానలేదు. పెద్దల పండుగకి ముందు ఆ గుట్ట మీద గడ్డి నేనే కోసేవాణ్ణి.

చచ్చిందన్న పిల్ల రెండేళ్ళ కిందట వెతుక్కుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. అన్నని ఓక్‌బున్ ఏమీ అనలేదు. ఈసారి కిర్‌స్టెన్ వచ్చీ రాగానే మాట తీసుకుంది.

"కోర్టువాళ్ళు ఊళ్ళో విచారిస్తారట. అయ్యేదాకా మామయ్యతో గొడవ పెట్టుకోకమ్మా."

"పెట్టుకోను" అంది ఓక్‌బున్. అంటూ నావైపు చూసింది. ఆ చూపుతో నాకు తెలిసింది, ఇంట్లో తీర్పు కోసం ఎదురుచూసేది ఒక్కరు కాదని.

మబ్బులు పొలుసులు కట్టిన ఆ రోజే చిల్‌బోక్ పండుగ కానుకగా పళ్ళపెట్టె మోసుకొచ్చాడు. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏం బావా, వెల్లుల్లికి కూడా ఉయ్యాల కట్టారా?" అని నవ్వాడు. చెల్లెలి వైపు తిరిగి, "చూడు నా మేనకోడల్ని! ఇక్కడే ఉంటే ఏమయ్యేది? నీతోపాటు సముద్రపొడ్డున గుల్లలు ఏరుకునేది. నేను పంపబట్టి దొరసాని అయింది. ఊళ్ళో అందరికీ అదే చెప్తున్నా."

ఓక్‌బున్ పళ్ళు కోసి ముందు పెట్టింది. కత్తి పళ్ళెంలోనే ఉంచింది.

"కోర్టువాళ్ళు నన్నూ అడిగారే. మంచిమాటే చెప్పాన్లే. పెద్దవాణ్ణి, నా మాటకో విలువుంటుంది కదా. నాకో దండం పెట్టవచ్చు."

కిర్‌స్టెన్ దండం పెట్టింది. ఓక్‌బున్ వంగి ఆయన ఊసిన గింజలు ఒక్కొక్కటే ఏరింది.

పండుగ ముందురోజు ఫోను వచ్చింది. కోర్టు ఒప్పుకుంది, పండుగ వెళ్ళగానే పిల్లాణ్ణి అప్పగిస్తారు. కిర్‌స్టెన్ ఏడుస్తూ దండెం మీది చొక్కాలన్నీ ఒళ్ళోకి లాక్కుంది. నేను కొడవలి తీసుకుని కొండకి బయల్దేరాను.

"ఆ గుట్ట జోలికి వెళ్ళకు" అంది ఓక్‌బున్. "మీ అమ్మానాన్నల సమాధుల మీద కొయ్యి, చాలు."

తిరిగొచ్చేసరికి పెరట్లో బూడిదతో ఇత్తడి చెంచా తోముతోంది. మొహం కనబడేలా తోమింది.

పండుగ పొద్దున చుట్టాలందరం చిల్‌బోక్ ఇంట్లో చేరాం. చనిపోయిన పెద్దలకి అన్నం పెట్టి, చెంచాలు గుచ్చి, మొక్కడం అయింది. మగవాళ్ళం బల్లల ముందు కూర్చున్నాం. చిల్‌బోక్ కిర్‌స్టెన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమెని తను ఎలా గట్టెక్కించాడో మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

ఓక్‌బున్ ఆయన అన్నం తెచ్చి ముందు పెట్టింది. గిన్నె నిండా కొత్త బియ్యపన్నం, ఆవిరి లేస్తోంది. మధ్యలో ఇత్తడి చెంచా నిలువుగా ఉంది.

చిల్‌బోక్ మాట ఆగింది. "పెద్దల గిన్నె ఇటు తెచ్చావే" అన్నాడు.

"నీదే అన్నయ్యా."

"పండుగపూట ఇదేం పని? తియ్యి."

"ఇన్నేళ్ళూ తప్పు గిన్నెలో గుచ్చాను. తెలీక. చచ్చింది నా కూతురు కాదు, నా అన్న."

గొంతు పెంచలేదు. అదే గొంతుతో వదినని ముల్లంగి చారు అడిగింది. చిల్‌బోక్ పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని చారు పోసింది. కొడుకు వైపు చూశాడు. వాడు చేపముల్లు తీసుకుంటున్నాడు. చివరికి పక్కన కూర్చున్న మేనకోడలి వైపు తిరిగాడు.

"నువ్వైనా తియ్యమ్మా."

కిర్‌స్టెన్ ఆ చెంచా వంక చూసింది. తర్వాత తన చెంచా తీసుకుని తన గిన్నెలోంచి ఒక ముద్ద తిన్నది.

ఓక్‌బున్ వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది. మేమూ తినడం మొదలుపెట్టాం. చిల్‌బోక్ తినే పుల్లలతో ఒక తోటకూర పోగు తీసుకుని చాలాసేపు నమిలాడు. ఆయన అన్నం మీద ఆవిరి తగ్గింది. చెంచా అలాగే నిలబడి ఉంది. ఓక్‌బున్ చేప వెన్నెముక విడదీసి, మెత్తటి ముక్క కూతురి అన్నం మీద పెట్టింది.