లూజు అన్న మాట

మద్రాసులో పద్దెనిమిదేళ్ళు కాస్ట్యూమర్‌గా పనిచేసిన త్రినాథరావు, సినిమావాళ్ళంతా ఒక్కొక్కరే తరలి వస్తుంటే తనూ కుట్టుమిషన్లు లారీకెక్కించుకుని హైదరాబాదు వచ్చేశాడు. మిషన్లతో పాటు అక్కడి మాటలు కొన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. వాటిలో అతని నోట్లో అస్తమానం నలిగేది 'లూజు'. జాకెట్టు ఒంటికి అతకకపోతే లూజు. కథ పట్టుగా లేకపోతే సెకండాఫ్ లూజు. కడుపు బాగాలేని రోజున ఆ సంగతీ ఆ మాటతోనే చెప్పేవాడు. ఇక మనిషికి బుర్ర సరిగ్గా లేదనుకుంటే, 'లూజులే' అని కణత దగ్గర వేలు తిప్పేవాడు. అరవవాళ్ళ మధ్య బతికిన రోజుల్లో అంటుకున్న అలవాటది.

తొంభై ఒకటి వేసవిలో ఫిల్మ్ నగర్‌లోని ఒక ఆఫీసులో కొత్త సినిమాకి బట్టలు కుడుతున్నాడు. అందులో హీరో తల్లి వేషం లీలాకుమారిది. ఒకప్పుడు రెండో కథానాయికగా మంచి పేరు తెచ్చుకున్న మనిషి. రెండేళ్ళ క్రితం భర్త పోయాక ఆవిడ మనసు చెదిరింది. ఖాళీ గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేదట. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి నయమై వచ్చింది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఆవిడ ముందు మాత్రం ఎవరూ ఎత్తరు. వేషం ఇచ్చినవాళ్ళు కూడా భయపడుతూనే ఇచ్చారు.

జాకెట్టు వేసి చూసుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ చాలా ఉత్సాహంగా ఉంది. మద్రాసు రోజుల నుంచీ ఎరిగిన త్రినాథరావుని ఇంట్లోవాళ్ళ గురించి పేరుపేరునా అడిగింది. జాకెట్టు చక్కగా కుదిరింది. "మీ చేతిలో ఇంకా ఆ పనితనం ఉందండీ" అని మెచ్చుకుని వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే ప్రొడక్షన్ మేనేజరు సుబ్బరామయ్య లోపలికి వచ్చాడు. "ఎలా ఉందయ్యా మనిషి? సెట్లో మన కొంప ముంచదు కదా?"

త్రినాథరావుకి ఆవిడ మీద ఏ కోపమూ లేదు. మేనేజరు తనని సలహా అడగడం మాత్రం బాగుంది. ఆయన్ని కాస్త నవ్వించాలనిపించింది.

"పైకి బాగానే కనిపిస్తుందండీ. కానీ లూజే" అని కణత దగ్గర వేలు తిప్పాడు.

సుబ్బరామయ్య నవ్వబోయి ఆగిపోయాడు. గుమ్మంలో లీలాకుమారి నిలబడి ఉంది. కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చింది.

"ఎవరండీ లూజు?" అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

త్రినాథరావు నోరు దానంతటదే పనిచేసింది. "జాకెట్టండీ! పక్కల దగ్గర కాస్త లూజుగా అనిపించింది. పైకి తెలియదు గానీ, కెమెరా పట్టేస్తుంది" అంటూ, చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి, వేలు అక్కడికెళ్ళింది అందుకేనన్నట్టు చేతిలో పట్టుకున్నాడు.

ఆవిడ అతని మొహంకేసి, పెన్సిలుకేసి చూసింది. సుబ్బరామయ్యకేసి చూసింది. ఆయన తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

"క్షమించండి. నేనింకేదో అనుకున్నాను" అంది ఆవిడ. చేతులు జోడించి మరీ అంది. "తప్పు నాదే. మళ్ళీ కొలతలు తీసుకోండి."

అబద్ధం నిలబడాలంటే పని కూడా చేయాలి కదా! జాకెట్టు మళ్ళీ వేయించి, కొలతలు తీసి, విప్పించి, మిషను దగ్గరున్న తన అసిస్టెంటు ఓదెలుకిచ్చి, రెండు పక్కలా కుట్టు లోపలికి వేయమన్నాడు.

ఓదెలు దాన్ని అటూ ఇటూ తిప్పి, మెల్లగా అన్నాడు: "ఏడ లూజున్నది సార్? అమ్మకు మంచిగనే కూసున్నది గద."

"చెప్పిన పని చెయ్యవయ్యా."

ఓదెలు మిషను ముందుకి జరిగాడు. జరిగిందంతా అతనూ చూశాడు. కుట్టు వేసి ఇచ్చాడు. లీలాకుమారి తొడుక్కుని వచ్చి అద్దం ముందు నిలబడింది. బట్ట చంకల కింద లాగేస్తోంది. ఊపిరి బిగబట్టి, "ఇప్పుడు బాగుందండీ" అంది. త్రినాథరావు అద్దంలోకి చూడలేక పక్కకి తిరిగి దారపుండలు సర్దాడు.

రెండు రోజుల తర్వాత సుబ్బరామయ్య కబురు చెప్పాడు. "ఆవిడ చేయనందయ్యా. ఒంట్లో బాగాలేదట. పోనీలే, పీడా పోయింది. ఇంకొకరిని చూస్తున్నాం."

ఆ మధ్యాహ్నం త్రినాథరావుకి అన్నం సయించలేదు. ఆటో ఎక్కి శ్రీనగర్ కాలనీలో ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో దారి పొడుగునా అతనికే తెలియలేదు. బతిమాలి ఒప్పించి వచ్చేస్తే నిజం చెప్పే పని తప్పుతుందని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది.

లీలాకుమారి తనే తలుపు తీసింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"మీరు నొచ్చుకున్నారేమోనని నేనే వద్దామనుకున్నానండీ" అంది. "ఆ రోజు మీరు జాకెట్టు గురించి అంటే నాకు నా గురించి అన్నట్టు వినిపించింది. అంతేనా? మీరు ఇలా వేలు తిప్పినట్టు కూడా కనిపించింది. చూస్తే పెన్సిలు! ఇదివరకు లేని మాటలు వినిపించేవి. ఇప్పుడు లేనివి కనిపిస్తున్నాయి కూడా. ఇలా మొదలైతే ఆలస్యం చేయకుండా రమ్మని డాక్టరుగారు ముందే చెప్పారు. రేపు వెళ్తున్నాను. మళ్ళీ అక్కడ ఉండమంటారేమో." ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "నయమైందనుకున్నానండీ. నిజంగా అనుకున్నాను."

త్రినాథరావు మజ్జిగ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

"మీకేం కాలేదమ్మా" అన్నాడు. "నేను అన్నది మిమ్మల్నే."

ఆవిడకి అర్థం కాలేదు. "ఏమన్నారు?"

"లూజు అన్నది మిమ్మల్నేనండీ. జాకెట్టు సరిగ్గానే ఉంది. మీరు చూసేసరికి భయపడి మాట మార్చాను."

"వేలు?"

"తిప్పాను."

"ఎలా తిప్పారు?"

"అమ్మా, వద్దండీ..."

"తిప్పి చూపించండి. నేను చూసిందీ అదీ ఒకటో కాదో నాకు తెలియాలి."

ఆ పెద్దమనిషి, ఆవిడ ఎదుట, ఆవిడ ఇంట్లో, చెయ్యెత్తి కణత దగ్గర వేలు తిప్పాడు. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

లీలాకుమారి కళ్ళు మూసుకుంది. "హమ్మయ్య" అంది. గుండెల్లోంచి వచ్చింది ఆ మాట. తిట్టి ఉంటే అతను భరించేవాడు. తనని పిచ్చిదన్నారని తెలిసి ఒక మనిషి ఊపిరి పీల్చుకోవడం అతను భరించలేకపోయాడు. "నేను సరిగ్గానే విన్నాను. సరిగ్గానే చూశాను" అని తనలో తనే అనుకుంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కోపం తర్వాత వచ్చింది. కళ్ళు తెరిచి అతన్ని చూసినప్పుడు ఆ చూపు వేరు.

"ఈ రెండు రాత్రులూ నేనెలా గడిపానో మీకు తెలుసా? ఒక మాట అన్నారు, సరే. లోకం అంతా అంటోంది. కానీ నా చెవుల్ని నేనే నమ్మకుండా చేశారు. పైగా మీకు చేతులు జోడించాను."

"తప్పైపోయిందమ్మా."

"సుబ్బరామయ్యగారి ముందే కదా జోడించాను. ఆయనతో చెప్పండి. ఆ కుర్రాడు ఓదెలు కూడా ఉన్నాడు. అతనితోనూ చెప్పండి. నేను వేషం వేస్తున్నానని కూడా చెప్పండి. ఇక వెళ్ళిరండి."

త్రినాథరావు చెప్పాడు. సుబ్బరామయ్య తేలిగ్గా నవ్వేసి, "ఆమాత్రం దానికి ఇంటికెళ్ళి ఒప్పుకొచ్చావా! భలేవాడివయ్యా. నాకు అప్పుడే తెలుసుగా" అన్నాడు. ఆయనకి అప్పుడే తెలుసన్న మాట త్రినాథరావుకి మరింత గుచ్చుకుంది. ఓదెలు మాత్రం నవ్వలేదు. "నాకు చెప్పుడెందుకు సార్" అని, జాకెట్టు తీసుకుని వేసిన కుట్లు ఊడదీయడం మొదలుపెట్టాడు.

వారం తిరగకుండా జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో షూటింగు మొదలైంది. బట్టల విషయం ఏదున్నా లీలాకుమారి ఓదెలునే పిలిచేది. త్రినాథరావు ఎదురుపడితే నలుగురిలోనూ "బాగున్నారా అండీ" అని మర్యాదగానే పలకరించేది, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు.

కొడుకుని ఇంట్లోంచి పంపేసే సీను ఆవిడ ఒక్క టేకులో చేసింది. లైట్‌బాయ్‌లు కూడా చప్పట్లు కొట్టారు. డైరెక్టరు సంబరపడి, ఆ పూట భోజనానికి అందరినీ ఒకే చోట కూర్చోమన్నాడు. త్రినాథరావు తన పళ్ళెం పట్టుకుని జనరేటరు వ్యాను వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ హోరులో, ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినపడని చోట, నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు.