నాలుగో డబ్బా

నాలుగు కవళ్ళు, ఒక పుంజీ. మళ్ళీ నాలుగు, రెండో పుంజీ. కూర్మమ్మ చెయ్యి తట్టలోకి దిగి, ఎండు కవళ్ళ చేపల్ని పట్టుకుని పైకి వచ్చి, తోకలన్నీ ఒకే వైపు ఉండేలా బల్ల మీద పేర్చి, మళ్ళీ దిగుతోంది. కళ్ళు మాత్రం రోడ్డుకి అటుపక్క రైల్వే గేటు మీద ఉన్నాయి. ఆవిడ చూసి లెక్కపెట్టదు. కళింగపట్నంలో పుట్టిన ఆడపిల్లకి నడకతోపాటే పుంజీ కూడా వచ్చేస్తుంది. పడవ ఒడ్డుకి తగలగానే చేపలు నాలుగేసి తీసి పెట్టడం, పుంజీకి ఒక చింతపిక్క పక్కన పడెయ్యడం. నోరు కబుర్లు చెబుతూనే ఉంటుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

ముప్పయ్యేళ్ళ కిందట గంగరాజుని కట్టుకుని కొత్తవలస వచ్చింది. అతను గూడ్సు షెడ్డులో కలాసీ. సందు లోపల రెండు గదుల రేకుల ఇల్లు, సందు మొదట్లో ఈ బల్ల. మనిషి పొట్టి, ఎండిపోయిన ఒళ్ళు, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, ఉప్పు తిని తెల్లబడిపోయిన వేళ్ళు. ఆవిడ దగ్గర చేపలు కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి మళ్ళీ లెక్కపెట్టుకోరు. ఈ ఊళ్ళో ఆవిడ సంపాదించుకున్నదల్లా ఆ నమ్మకమొక్కటే.

ఫిబ్రవరి చలి ఇంకా వదల్లేదు. ఎనిమిది కావస్తుండగా ఇంజనీరు అరుణశ్రీ వచ్చి, బల్ల చివర నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పెట్టింది. పాతికేళ్ళ పిల్ల, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కొలతల టేపు. నిన్ననే విశాఖపట్నం నుంచి వచ్చి సందంతా తిరిగి చూసి వెళ్ళింది.

సందు మధ్యలో, రెండు ఇళ్ళ నడుమ, పాత బియ్యం గోడౌను పడగొట్టిన ఖాళీ జాగా ఉంది. బిల్డరు గణపతిరావు అందులో పద్దెనిమిది ఫ్లాట్లు కడతానంటున్నాడు. మిషన్ స్కూల్లో రిటైరైన జీవరత్నం మాస్టారు, ఇంత ఇరుకు సందు అన్ని బళ్ళని ఎలా మోస్తుందని అర్జీ పెట్టారు. ముందు ట్రాఫిక్ లెక్క తేలాలి, తర్వాతే అనుమతి అని ఆఫీసువాళ్ళు అరుణశ్రీని పంపారు.

"పెద్దమ్మా, లెక్క రాసేవాళ్ళు ఇద్దరూ రాలేదు. నువ్వెలాగూ ఇక్కడే కూర్చుంటావు కదా, ఈ ఒక్క గంటా సాయం పట్టవా? నేను లోపల కొలతలు చూసుకోవాలి."

"నాకు రాత రాదు తల్లీ."

"రాయక్కర్లేదు. ఇదిగో చింతపిక్కలు. బైకులు, సైకిళ్ళు మొదటి డబ్బాలో. ఆటోలు, కార్లు రెండోది. లారీలు, ట్రాక్టర్లు మూడోది. అయిదు బళ్ళు వెళ్ళగానే ఒక పిక్క. బడులకీ ఆఫీసులకీ వెళ్ళే గంట ఇదే, ఇదే మనకి ముఖ్యం."

"మరి ఆ నాలుగోది?"

"ఈ మూడింట్లోనూ పడనివి ఏమైనా వస్తే."

కూర్మమ్మ కాసేపు నాలుగో డబ్బా వంక చూసింది. "మనిషిని మంచం మీద ఏసుకుని మోసుకెళ్తే ఎందులో ఎయ్యాలమ్మా?"

అరుణశ్రీ నవ్వేసింది. "మంచం బండి కాదు కదా పెద్దమ్మా. అది లెక్కలోకి రాదు."

"రాదా," అని కూర్మమ్మ పిక్కలు ఒళ్ళో పోసుకుంది.

ఎనిమిదింటికి మొదలైంది. స్కూలు ఆటోలు, పాలబళ్ళు, వెనక టిఫిన్ క్యారేజీ కట్టుకున్న బైకులు. గేటు పడిందంటే చాలు, అటు ఆగలేనివాళ్ళంతా చుట్టు దారి కోసం ఈ సందులోకే తిరుగుతారు. హారన్లతో చెవులు గింగిర్లెత్తుతున్నాయి. కూర్మమ్మ చెయ్యి ఒళ్ళోకి దిగుతోంది, డబ్బా మీదికి వెళ్తోంది. టక్. టక్.

చేపలకొచ్చిన సుభద్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏటే కూర్మీ, గవర్మెంటు ఉద్యోగం వచ్చీసిందేటి నీకు? ఇంక మాకు కవళ్ళెవరు అమ్ముతారే?"

"పింఛను కూడా వస్తాదట. అడ్డు లెగు, నీ యెనకాల రెండు బళ్ళు పోయాయి."

"నేనేటి లారీనేటే, అంత అడ్డం ఉన్నాను!"

"లారీవైతే మూడో డబ్బాలో ఏసీదాన్ని."

సుభద్రమ్మ పగలబడి నవ్వి, పుంజీ కవళ్ళు కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది. లెక్క చూసుకోలేదు.

ఎనిమిదిన్నరకి గణపతిరావు తెల్ల కారు సందు మొదట్లో ఆగింది. అతను దిగాడు. తెల్ల చొక్కా, వేళ్ళకి మూడు ఉంగరాలు, నెరిసిన మీసం. కూర్మమ్మ చెయ్యి రెండో డబ్బా మీదికి వెళ్ళి, కారు ఇంకా సందులోకి రాలేదని ఆగింది.

ఏడేళ్ళ కిందట ఆ మీసం నల్లగా ఉండేది. అప్పుడతను సందులో మొదటి అపార్ట్‌మెంటు కడుతున్నాడు. మధ్యాహ్నం రెండింటికి గంగరాజు గుండె పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. ఆటో సందు మొదటికి వచ్చింది గానీ లోపలికి రాలేకపోయింది. ఇసక లారీ అడ్డంగా నిలబడి దింపుతోంది, దాని వెనక సందు పొడుగునా ఇనప చువ్వలు. కూర్మమ్మ పరిగెత్తుకెళ్ళి రెండు చేతులూ జోడించింది. "పావుగంటలో అయిపోతాది, ఆగండి," అన్నాడు గణపతిరావు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే. పావుగంట అయింది, అవలేదు. నలుగురు మనుషులు గంగరాజుని మంచం మీద వేసి, మంచం కోళ్ళు తలొకటి పట్టుకుని ఇసక మీదుగా, చువ్వల మీదుగా దాటించారు. ఆటో దగ్గర దించేసరికి గంగరాజు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చూపు లేదు. పదో రోజున ఆవిడ వెళ్ళి అడిగింది, ఎందుకిలా చేశావని. అతను విసుక్కోలేదు కూడా. "టైమొచ్చింది, పోయాడు. ఇసకేటి సేస్తాది?" అన్నాడు.

ఏడేళ్ళుగా రోజూ పొద్దున్న పళ్ళు తోముకునేటప్పుడు కూర్మమ్మకి ఆ మాట నోట్లో తగులుతూనే ఉంది. ఉమ్మితే పోదు.

"ఏటమ్మా, బళ్ళు నువ్వే లెక్కెడతన్నావా?" గణపతిరావు బల్ల ముందు నిలబడి చిరునవ్వు నవ్వాడు. "బాగున్నాది. ఎండలో కళ్ళు నొప్పెడతాయి, ఒకటీ అరా తప్పిపోయినా ఎవుడూ అడగడులే."

టక్, అని మొదటి డబ్బాలో పిక్క పడింది.

"బిల్డింగు లెగిస్తే గేటు కాడ గది కడతాను. ఫేను, కుళాయి అన్నీ ఉంటాయి. నీలాటి నమ్మకస్తురాలు ఉంటే నాకూ నిశ్చింత. మీ ఆయనేటి సేస్తాడు?"

కూర్మమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. అందులో ఏమీ లేదు. దాచుకున్నదీ లేదు, బెరుకూ లేదు. అతను నిజంగానే మరిచిపోయాడు.

"లేడు బాబూ."

"అయ్యయ్యో. ఏటయింది?"

"టైమొచ్చింది, పోయాడు."

"అంతేలే అమ్మా, మన సేతుల్లో ఏటున్నాది," అని నిట్టూర్చి గణపతిరావు కారెక్కాడు. కారు సందులోకి తిరిగింది. కూర్మమ్మ దాన్నీ లెక్కలో వేసింది.

తొమ్మిదింటికి అరుణశ్రీ టేపు చుట్టుకుంటూ వచ్చింది. ముందు బల్ల వెడల్పు కొలిచి పుస్తకంలో రాసుకుంది. మూడడుగులు. తర్వాత డబ్బాలు ఒక్కొక్కటే బోర్లించి పిక్కలు లెక్కపెట్టింది. కూర్మమ్మ కూడా మనసులో లెక్కపెట్టింది. డెబ్భై ఎనిమిది. అంటే డెబ్భై ఎనిమిది పుంజీలు. మూడువందల పన్నెండు.

"మూడువందల తొంభై!" అంది అరుణశ్రీ.

కూర్మమ్మ వేళ్ళు కొంగు అంచు దగ్గర ఆగిపోయాయి. ఆ పిల్ల పిక్కకి అయిదు చొప్పున కట్టింది. చెప్పింది కూడా అయిదనే. ఈ చెయ్యి ఎవరు చెబితే వింటుంది? నాలుగు దగ్గరే పడేస్తూ వచ్చింది.

అరుణశ్రీ పెదవి కొరుక్కుంటూ పుస్తకం చూసుకుంటోంది. "గంటకి మూడువందల యాభై దాటితే ఈ సందు ఇంకో పద్దెనిమిది ఇళ్ళని మొయ్యలేదనే రాయాలి. కానీ నిన్న నేను చూసినప్పుడు ఇన్ని ఉంటాయనుకోలేదు..." తలెత్తింది. "పెద్దమ్మా, నీకు ముందే చెప్పాలి. దాటిందని రాస్తే, సందు మొదలు వెడల్పు చెయ్యమని కూడా రాయాలి. అప్పుడు ఈ బల్ల ఉండదు. దాటకపోతే దీని జోలికెవరూ రారు."

"ఊఁ."

"అందుకే మళ్ళీ అడుగుతున్నాను. బాగా గుర్తు తెచ్చుకో. పిక్కకి అయిదు బళ్ళేనా?"

గేటు లేచింది. అటు ఆగిన బళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి. కూర్మమ్మ బల్ల వంక చూసింది, తోకలన్నీ ఒకే వైపున్న కవళ్ళ వంక. ముప్పయ్యేళ్ళలో ఈ బల్ల మీద ఒక్క పుంజీ కూడా తప్పలేదు. గంగరాజు అందరితో గొప్పగా చెప్పుకునేవాడు: "నా పెళ్ళాం సేతిలో సేప సచ్చినా లెక్క సావదు." ఫేనున్న గది ఒకటి గుర్తొచ్చింది. నోట్లో ఆ పాత మాట తగిలింది. ఇసకేటి సేస్తాది.

"అయిదే తల్లీ," అంది కూర్మమ్మ. "అయిదుకొకటి."

మాట తడుముకోకుండా వచ్చేసింది. ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

అరుణశ్రీ అంకె చుట్టూ గీత గీసింది. మూడు డబ్బాలూ సంచీలో వేసుకుని, నాలుగోది ఆవిడ చేతిలో పెట్టింది. "ఇది ఖాళీగానే ఉండిపోయింది. ఉప్పు పోసుకో పెద్దమ్మా."

ఆ పూట కూర్మమ్మ ఎండెక్కేదాకా మామూలుగానే చేపలమ్మింది. ఇంటికెళ్ళి గంజి కాచుకుంది, పచ్చిమిరపకాయ నంజుకుని తాగింది. తర్వాత గుమ్మంలో, గంగరాజు కూలబడిన చోటే కూర్చుని చాలాసేపు నవ్వింది. చప్పుడు లేని నవ్వు. ఏడేళ్ళ తర్వాత ఆ మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయింది.

మే నెలలో కాగితం వచ్చింది. జీవరత్నం మాస్టారు సందు మొదట్లో నిలబడి అందరికీ చదివి వినిపించారు. పద్దెనిమిది ఫ్లాట్లకి అనుమతి లేదు. చివరి వరసలో, సందు మొదట్లో ఉన్న ఆక్రమణ తొలగించాలని ఉంది. ఆ మాట దగ్గర మాస్టారి గొంతు తగ్గింది. "అమ్మా కూర్మమ్మా, నా అర్జీ నీ కడుపు మీదికొచ్చింది. ప్రభువు నన్ను క్షమించాలి."

"మీదేటున్నాది మాస్టారూ. సదివీండి పూర్తిగా."

ఆ సాయంత్రమే గణపతిరావు వచ్చి ఖాళీ జాగాలో నిలబడ్డాడు. అనుమతి వచ్చేస్తుందనే ధీమాతో ముందే పోయించిన ఇసక, మొన్నటి గాలివానకి సగం కాలవలోకి పోయింది. మోకాలి దాకా ఉన్న ఇసక కుప్పని చెప్పుతో తన్ని, విసవిసా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెక్కెట్టింది నువ్వే కదూ?"

"నానే బాబూ."

"నీకు నానేటి సేశానే?"

కూర్మమ్మ కవళ్ళ తోకలు సరిచేసింది. అతను ఆవిడ మొహాన్ని కళ్ళు చిట్లించి చూశాడు. ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో తెలియడం లేదు. సందు వంక చూశాడు, ఇసక వంక చూశాడు, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. చెబితే నిమిషంలో తెలిసిపోతుంది, తెలిస్తే మరిచిపోతాడు. వెతుక్కోనీ అనుకుంది కూర్మమ్మ. పళ్ళు తోముకునేటప్పుడు రోజూ వెతుక్కోనీ. ఈగలు తోలుకుంటూ కూర్చుంది. అతను కారెక్కాక కూడా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

బల్ల తీసేవాళ్ళు వచ్చేదాకా ఆవిడ ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ఉన్న సరుకంతా అమ్మేసింది. సుభద్రమ్మ కొంగు విప్పి చూసి, మొదటిసారిగా లెక్కపెట్టింది. "ఏటే కూర్మీ, పుంజీకి అయిదొచ్చాయి! నీ లెక్క తప్పడమేటే?"

"తప్పింది. ఉంచు."

"ఒకటి తిరిగి ఇచ్చీనా?"

"ఉంచవే," అంది కూర్మమ్మ, తలెత్తకుండా.

బల్ల చెక్కలు సుభద్రమ్మకే పొయ్యిలోకి ఇచ్చేసింది. కళింగపట్నంలో చెల్లెలింటికి వెళ్తానంది, ఎప్పుడొస్తావంటే చెప్పలేదు. రెండు చీరలు, గంగరాజు ఫోటో తట్టలో పెట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, పడి ఉన్న గేటు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళింది. పాసింజరు వచ్చింది. వెళ్ళింది. గేటు లేచింది. మళ్ళీ పడింది. బళ్ళు ఎప్పట్లాగే సందులోకి తిరిగాయి, వాటిని లెక్కపెట్టేవాళ్ళెవరూ లేరు.

బల్ల ఉన్నచోట నేల మీద ఉప్పు పట్టిన తెల్లటి నాలుగు పలకల మచ్చ మిగిలింది. దాని పక్కన, గోడవారగా ఇటుక మీద, మూత గట్టిగా బిగించిన నాలుగో డబ్బా ఉంది. అందులో ఉప్పు లేదు. ఒకే ఒక్క చింతపిక్క ఉంది.